మాట మొదలుపెట్టేది నాడీకణం, ముగించేది గ్లియా

గాజువాక నుంచి డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని ఒకరు మూడు ప్రశ్నలు అడిగారు. గ్లియా కణాలు నాడీకణాలకు ఆధారాన్ని, పోషణను ఇస్తాయని వాళ్ల పాఠ్యపుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉందట. ఒక వీడియోలో మాత్రం మెదడులో 90 శాతం గ్లియాయేననీ, అసలు ఆలోచించేది అవేననీ చెప్పారట. ఏది నిజం? రెండోది, మెదడులోని రసాయన సంకేతాల్లో ఈ కణాలకు నిజంగా పాత్ర ఉందా? మూడోది, ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసే వాళ్ల నాన్నగారు అరకు కాఫీతోనే నిద్ర ఆపుకుంటారు. ఆ కాఫీకీ ఈ కణాలకూ ఏమైనా సంబంధం ఉందా?

నేను విశాఖపట్నంలో ముప్పై ఏళ్లకు పైగా వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించాను. ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని తరగతిలో ఏటా ఎదురుచూసేవాణ్ణి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నాడీ సంకేతం ఎలా పుడుతుందో మనం గంటసేపు చెబుతాం. అది ఎలా చల్లారుతుందో ఒక్క ముక్కలో దాటేస్తాం. గ్లియా కణాల పని ఎక్కువగా ఆ రెండో భాగంలోనే ఉంది. పుస్తకంలో వాటికి ఒక్క వాక్యమే దక్కడానికి కారణం అదేనని నా నమ్మకం.

ముందు ఆ 90 శాతం సంగతి తేల్చేద్దాం. నాడీకణాల కంటే గ్లియా కణాలు పది రెట్లు ఎక్కువన్న మాట దశాబ్దాల పాటు పేరున్న పుస్తకాల్లో కూడా కనిపించేది. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాస్తూ పోయారు. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో హౌజెల్ బృందం మెదడు కణజాలాన్ని ద్రావణంగా నూరి, అందులో తేలే కణకేంద్రకాలను లెక్కించే పద్ధతిని తయారుచేసి, మనిషి మెదడు లెక్కను 2009లో ప్రచురించింది. పెద్దవారి మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు, మిగిలిన కణాలన్నీ కలిపి సుమారు 8,500 కోట్లు. ఆ మిగిలిన వాటిలో రక్తనాళాల గోడల్లోని కణాలు కూడా కలిసి ఉన్నాయి. అంటే దాదాపు సగానికి సగం. అయితే ఈ పాళ్లు అన్ని చోట్లా ఒకేలా ఉండవు. నాడీకణాల్లో సుమారు 6,900 కోట్లు చిన్నమెదడులోనే కిక్కిరిసి ఉంటాయి. ఆలోచనకూ భాషకూ ఆధారమైన మస్తిష్క వల్కలంలో (మెదడు పైపొరలో), దాని కింది తెల్ల పదార్థంతో కలిపి చూసినా, నాడీకణాలు 1,600 కోట్లే. అక్కడ ఇతర కణాలు వాటికి దాదాపు నాలుగు రెట్లుంటాయి. కాబట్టి వీడియోలో చెప్పిన అంకె తప్పు. ఆలోచించేది గ్లియా మాత్రమే అన్న మాటా తప్పే. కానీ మీ పుస్తకంలోని వాక్యం కూడా పాతబడిపోయింది. 1856లో రుడాల్ఫ్ విర్కో ఈ కణాల సముదాయానికి న్యూరోగ్లియా అని పేరు పెట్టాడు. గ్లియా అంటే గ్రీకులో జిగురు. నాడీకణాలను కలిపి పట్టి ఉంచే జిగురుగానే ఆయన వాటిని భావించాడు. ఆ పేరు వాటిని వందేళ్లకు పైగా వెనక్కి నెట్టేసింది.

ఇక అసలు విషయానికి వద్దాం. నాడీకణం లోపల సంకేతం విద్యుత్తుగా ప్రయాణిస్తుంది. నాడీకణం నుంచి సాగే పొడవాటి తంతువైన యాక్సాన్ కొసకు చేరేసరికి ఎదుట ఒక సందు ఉంటుంది. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు. ఆ సందును సంకేతం ఎలా దాటుతుందో తేల్చిన ప్రయోగం 1921లో జరిగింది. ఆస్ట్రియాలో ఆటో లోవీ రెండు కప్పల గుండెలను తీసుకున్నాడు. ఒకదాని వేగస్ నాడిని ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు ఇస్తే, ఏ నాడినీ ముట్టుకోని ఆ గుండె కూడా నెమ్మదించింది. నాడి కొస నుంచి ఏదో రసాయనం ఊరుతోందన్నమాట. అది ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. మెదడులోనూ పద్ధతి ఇదే. విద్యుత్ సంకేతం కొసకు చేరగానే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. రసాయనం నిండిన సూక్ష్మమైన సంచులు పొరతో కలిసిపోయి తెరుచుకుంటాయి. ఒక్కో సంచి నుంచి వేల అణువులు సందులోకి చిమ్ముతాయి. అవి అవతలి కణం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లకు, అంటే గ్రాహకాలకు తగులుతాయి.

తరగతిలో పాఠం సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. సందులో మిగిలిన ఆ రసాయనం సంగతేమిటి?

తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బరుకు వెళ్లి చూసినవారికి ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. పడవ నుంచి దింపిన చేపలను గుట్టలుగా పోసి వేలం పాడతారు. పాట ముగిసిన గుట్టను అప్పటికప్పుడు గంపల్లోకి ఎత్తేస్తారు. ఎత్తకపోతే తర్వాతి పడవ చేపలు పోయడానికి చోటుండదు, ఏ పాట ఏ గుట్టకో తెలియకుండా పోతుంది. రెండు నాడీకణాలు కలిసే ఆ చోటైన సైనాప్స్‌లోనూ అంతే. పాత రసాయనం సందులోనే ఉండిపోతే, కొత్తగా వచ్చింది కొత్త సంకేతమని అవతలి కణానికి తెలిసే దారి లేదు.

ఎసిటైల్‌కోలిన్ విషయంలో ప్రకృతి ఒక ఎంజైమును ఆ సందులోనే కాపలా పెట్టింది. అది ఆ అణువును అక్కడికక్కడే రెండు ముక్కలు చేస్తుంది. ఈ ఎంజైము పనిచేయకపోతే ఏమవుతుందో మన జిల్లాల్లో వార్డు డ్యూటీ చేసిన ప్రతి డాక్టరుకూ తెలుసు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగి వచ్చినవారి నోట చొంగ ఆగదు, కంటిపాపలు సూదిమొనంత అయిపోతాయి, కండరాలు అదురుతూనే ఉంటాయి. సంకేతం మొదలవడంలో ఏ లోపమూ లేదు. ముగింపు మాత్రమే పోయింది. అంతమాత్రానికే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. నేను విద్యార్థులను ఆ మంచం పక్కన నిలబెట్టి, ముగింపు కూడా సంకేతంలో భాగమేనని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు మెదడుకు రండి. అక్కడ ఉత్తేజపరిచే సంకేతాల్లో సింహభాగం గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లానిది. అణచే సంకేతాల్లో ప్రధానమైనది గాబా. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. గ్లూటమేట్‌ను ఆ సందులో కత్తిరించే ఎంజైము ఏదీ లేదు. అది ఉన్నంతసేపూ గ్రాహకాలను తడుతూనే ఉంటుంది. దాన్ని ఎవరైనా ఎత్తుకెళ్లాల్సిందే. ఆ ఎత్తే పని ప్రధానంగా ఆస్ట్రోసైట్లది. నక్షత్రంలా కొమ్మలు చాచి ఉండే గ్లియా కణాలివి. ఆ కొమ్మల కొసలు సైనాప్స్‌లను చుట్టుకుని ఉంటాయి. ఒక ఎలుక ఆస్ట్రోసైట్ పరిధిలో లక్ష దాకా సైనాప్స్‌లు ఉంటే, మనిషిలో ఒక్కదాని పరిధిలో 20 లక్షల దాకా ఉండవచ్చని అంచనా.

వాటి పొర మీద గ్లూటమేట్‌ను లోపలికి లాగే రవాణా ప్రోటీన్లు దట్టంగా ఉంటాయి. ఒక్కో గ్లూటమేట్ అణువుతో పాటు మూడు సోడియం అయాన్లు, ఒక ప్రోటాన్ లోపలికి వస్తాయి, ఒక పొటాషియం బయటికి పోతుంది. కణాల లోపల గ్లూటమేట్ గాఢత బయటి కంటే వేల రెట్లు ఎక్కువ. అంత ఎత్తుకు నీళ్లు తోడినట్టు దాన్ని తోడాలంటే బలం కావాలి. ఆ బలం సోడియం లోపలికి జారడం నుంచి వస్తుంది. ఆ సోడియాన్ని మళ్లీ బయటికి నెట్టే పంపు కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చు చేస్తుంది. మెదడు విశ్రాంతిలోనూ అంత శక్తిని తినడానికి ఇలాంటి పంపులే ముఖ్య కారణం.

లోపలికి తీసుకున్న గ్లూటమేట్‌ను ఆస్ట్రోసైట్ ఏం చేస్తుందన్నది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని భాగం. దానికి ఒక అమ్మోనియా అణువును తగిలించి గ్లూటమిన్‌గా మారుస్తుంది. గ్లూటమిన్‌కు గ్రాహకాలను తట్టే శక్తి లేదు. అందుకే దాన్ని నిర్భయంగా బయటికి వదలవచ్చు. పక్కనున్న నాడీకణం దాన్ని తీసుకుని, ఆ తగిలించినదాన్ని విప్పి, మళ్లీ గ్లూటమేట్ చేసి సంచుల్లో నింపుకుంటుంది. అణచే నాడీకణాలైతే అదే గ్లూటమేట్ నుంచి గాబాను తయారుచేసుకుంటాయి. అంటే ఉత్తేజానికీ అణచివేతకూ ముడిసరుకు ఆస్ట్రోసైట్ చేతుల మీదుగా తిరుగుతోంది. ఈ మార్పిడి చేసే గ్లూటమిన్ సింథటేజ్ అనే ఎంజైము మెదడులో దాదాపుగా ఆస్ట్రోసైట్లలోనే ఉంటుంది. నాడీకణాలు ఈ పని తమంతట తాము చేసుకోలేవు. ఇది ఒట్టి ఆధారం, పోషణ అనిపించుకుంటుందా?

ఈ చక్రం తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట భీమిలి వైపు నుంచి ఒక పెద్దాయనను వాళ్లబ్బాయి తీసుకొచ్చాడు. కాలేయం గట్టిపడిపోయిన రోగి. అంతకు వారం ముందు నుంచి మలబద్ధకం. రెండు రోజులుగా పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఆ ఉదయం కొడుకును పేరు పెట్టి పిలవలేకపోయాడు. మళ్లీ తాగాడని ఇంట్లో అందరూ అనుకున్నారు, కొడుకు కోపంతోనే తీసుకొచ్చాడు. చేతులు చాపమంటే అరచేతులు పక్షి రెక్కల్లా టపటప కొట్టుకున్నాయి. పేగుల్లో పుట్టే అమ్మోనియాను ఆరోగ్యంగా ఉన్న కాలేయం యూరియాగా మార్చేస్తుంది. ఈయన కాలేయం మార్చలేకపోయింది. రక్తం వెంట అమ్మోనియా మెదడుకు చేరింది. అక్కడ దాన్ని పట్టుకోగలిగిన కణం ఆస్ట్రోసైట్ ఒక్కటే. అది తన దగ్గరున్న గ్లూటమేట్‌కు ఆ అమ్మోనియాను తగిలిస్తూ, తగిలిస్తూ, లోపల గ్లూటమిన్ పేరుకుపోయి, నీరు పట్టి ఉబ్బిపోతుంది. దాంతో సంకేతాల సమతూకం చెదురుతుంది. నాడీకణాలు చచ్చిపోలేదు, తెగిపోలేదు. వాటి పక్కనున్న కణం అలసిపోయింది. అంతే, తండ్రికి కొడుకు పేరు అందలేదు.

చికిత్స చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. మెదడుకు మందేమీ వేయలేదు. లాక్టులోజ్ సిరప్ ఇచ్చి విరేచనాలు అయ్యేలా చేశారు. అది పెద్దపేగులో ఆమ్లత్వం పెంచి అమ్మోనియాను రక్తంలోకి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మూడో రోజు ఆయన మంచం మీద కూర్చుని కొడుకును పేరు పెట్టి పిలిచి, ఇంటి దగ్గర వల ఎవరు చూస్తున్నారని అడిగాడు. కొడుకు బయటికి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చాడు. కాలేయ జబ్బు ఉన్నవారు ఇంట్లో ఉంటే ఇది గుర్తుంచుకోండి: నిద్ర తారుమారు కావడం, తికమక మాటలు, చేతులు అలా కొట్టుకోవడం కనిపిస్తే తాగుడనో మతి చలించిందనో అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పక్షవాతంలోనూ ఇదే కథ వేరే రూపంలో నడుస్తుంది. రక్తం ఆగితే ఏటీపీ ఉండదు, పంపులు ఆగుతాయి, సోడియం తేడా కరిగిపోతుంది, రవాణా ప్రోటీన్లు వెనక్కి తిరిగి గ్లూటమేట్‌ను బయటికే కక్కుతాయి. ఆ వరదలో నాడీకణాలు ఉత్తేజంతోనే చనిపోతాయి. మితిమీరిన ఉత్తేజమే విషమవుతుందన్న ఈ భావనకు 1969లో జాన్ ఓల్నీ పేరు పెట్టాడు. నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటల గడువు పెట్టి పరుగులు తీయించడం వెనుక ఈ నష్టమూ ఉంది. ఇంకో మాట, ఈ సందర్భంలో చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నూడుల్స్ బండి మీద చల్లే టేస్టింగ్ సాల్ట్ కూడా గ్లూటమేటే, కానీ మెదడు రక్తనాళాల గోడ దాన్ని సులభంగా లోపలికి రానివ్వదు. దాన్ని ఈ విషంతో ముడిపెట్టకండి.

ఆస్ట్రోసైట్లు పొటాషియాన్ని కూడా ఇలాగే సర్దుతాయి. ప్రతి నాడీ ప్రేరణతో కొంత పొటాషియం బయటికి వస్తుంది, అది పేరుకుంటే నాడీకణాలు వాటంతటవే పేలడం మొదలుపెడతాయి. మూర్ఛ వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

సరే, ఎత్తడం, తిరిగి ఇవ్వడం నిస్సందేహం. మరి గ్లియా కణాలు స్వయంగా సంకేతాలు పంపుతాయా? ఇక్కడ నేను మీతో జాగ్రత్తగా మాట్లాడాలి. 1990లో ప్రయోగశాలలో పెంచిన ఆస్ట్రోసైట్ల మీద గ్లూటమేట్ వేస్తే, వాటిలో కాల్షియం అల లేచి ఒక కణం నుంచి పక్క కణానికి పాకడం కనిపించింది. అంతవరకూ మూగవనుకున్న కణాలు వింటున్నాయని తేలిపోయింది. 1999లో అల్ఫోన్సో అరాకే, ఫిలిప్ హేడన్ బృందం సైనాప్స్‌లో భాగస్వాములు ఇద్దరు కాదు, ముగ్గురని ప్రతిపాదించింది: పంపే నాడీకణం, అందుకునే నాడీకణం, వాటిని చుట్టుకున్న ఆస్ట్రోసైట్. అది వినడమే కాక గ్లూటమేట్, ఏటీపీ, డి-సెరిన్ (ఇంకో అమైనో ఆమ్లం) వంటివి వదిలి బదులిస్తుందని చెప్పారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు పెద్ద వాదమే నడిచింది. పెంపకంలో ఉన్న కణం చేసిన పని బతికున్న మెదడులో కూడా చేస్తుందా, డి-సెరిన్ వస్తున్నది ఆస్ట్రోసైట్ నుంచా, నాడీకణం నుంచా అని ఒకరి ఫలితాలను ఒకరు గట్టిగా ప్రశ్నించుకున్నారు. 2023లో ఆండ్రియా వోల్టెర్రా బృందం ప్రచురించిన పరిశోధన నాకు చాలా నచ్చింది. ఆస్ట్రోసైట్లన్నీ ఒకే రకం కావనీ, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ వంటి చోట్ల ఒక ప్రత్యేక తెగకే గ్లూటమేట్‌ను సంచుల్లో నింపి వదిలే సరంజామా ఉందనీ వాళ్లు చూపించారు. ఇరుపక్షాలకూ తలో రకం ఫలితం ఎందుకు వచ్చిందో దీంతో కొంత అర్థమవుతుంది. అయినా వేగంలో తేడా మరచిపోకూడదు. నాడీకణాల మధ్య మాట మిల్లీసెకన్లలో నడుస్తుంది, ఆస్ట్రోసైట్ల కాల్షియం అలలు సాధారణంగా సెకన్ల మీద నడుస్తాయి. అవి మాటకు మాట బదులివ్వవు. సంభాషణ స్థాయిని హెచ్చించడం, తగ్గించడం వాటి పని అని నేను అర్థం చేసుకున్నాను.

మిగతా గ్లియా గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. ఆలిగోడెండ్రోసైట్లు యాక్సాన్ల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టి సంకేతం సమయానికి చేరేలా చూస్తాయి. మెదడు, వెన్నుపాము బయట ఆ పని ష్వాన్ కణాలది. కుష్ఠు వ్యాధి క్రిమి వాటిలో కూడా దాక్కుంటుంది, అందుకే ఆ జబ్బులో స్పర్శ పోతుంది. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్టెగా గుర్తించిన మైక్రోగ్లియా మెదడులోని రోగనిరోధక కణాలు. ఎదిగే వయసులో అక్కర్లేని సైనాప్స్‌లను ఇవి తినేస్తాయి.

పరీక్షలో ఏం రాయాలన్న మీ సందేహం కూడా నాకు తెలుసు. పుస్తకంలోని వాక్యం రాసి, దాని కిందే గ్లూటమేట్, గ్లూటమిన్ చక్రం బొమ్మ వేయండి. మార్కులు తగ్గించే పరీక్షకులు ఉండరు.

ఇక నాన్నగారి కాఫీ. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. కణానికి ఇంధనంగానే అందరూ చూసిన ఆ అణువు కణాల మధ్య సంకేతం కూడా కాగలదని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. తర్వాత దాని గ్రాహకాలు దొరికాయి. నాడీకణాలతో పాటు ఆస్ట్రోసైట్లు కూడా ఏటీపీని బయటికి వదులుతాయి. బయట అది విడిపోయి అడినోసిన్ అవుతుంది. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పెరిగి, నాడీకణాల జోరు తగ్గించి, నిద్ర ముంచుకొచ్చేలా చేస్తుంది. ఆస్ట్రోసైట్ల నుంచి ఈ విడుదలను అడ్డుకున్న చిట్టెలుకల్లో నిద్ర ఒత్తిడి సరిగా పెరగలేదని 2009లో ఒక పరిశోధన చూపింది. ఆ ప్రయోగంలో వాడిన పద్ధతి మీద అభ్యంతరాలు వచ్చాయి కాబట్టి ఆస్ట్రోసైట్ల వాటా ఇంత అని నేను గీత గీసి చెప్పను.

కెఫీన్ అణువు ఆకారంలో అడినోసిన్‌ను పోలి ఉంటుంది. దాని గ్రాహకంలో కూర్చుంటుంది కానీ దాన్ని పనిచేయించదు. అడినోసిన్ వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంటుంది, చోటు దొరకదు. పెద్దవారి శరీరంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదికి ఎక్కి ఉదయం ఆరుకు దిగే షిఫ్టయితే, నాలుగు గంటలకు తాగిన కప్పులో సగం, ఆయన ఇంటికి వచ్చి పడుకునే తొమ్మిదింటికి ఇంకా మెదడులో తలుపు పట్టుకునే ఉంటుంది. నిద్ర పైపైన పోతుంది, మర్నాడు మరో కప్పు పెరుగుతుంది. కప్పులన్నీ షిఫ్టు మొదటి సగంలోనే తాగమని చెప్పండి. వీలైతే షిఫ్టుకు వెళ్లేముందు సాయంత్రం గంటన్నర పడుకోమనండి. కాఫీ అడినోసిన్‌ను మరుగుపరుస్తుంది, ఆ గంటన్నర నిద్ర దాన్ని నిజంగా తగ్గిస్తుంది.